హిమనర్తకి మెరిల్ డేవిస్

ధనుర్మాసమున తెల్లవాఱకమునుపే లేచి, వాకిట కళ్లాపి చల్లి, ముగ్గుగిన్నె చేతబట్టుకొని కూర్చుండుట మనలో పెక్కండ్రకు చిన్ననాటినుండియు అలవాటైన పని. చుక్కలు పెట్టి, గీతను గీతతో కలిపి, మొదలుపెట్టినచోటికే మఱల తెచ్చి ముగించుటలో మనకుగల నేర్పును ఎవరును నేర్పుగా ఎంచరు. అదే ముగ్గును చేతితోగాక కాలితోను, పిండితోగాక ఉక్కుకత్తి యంచుతోను, నేలపైగాక మంచుపైని వేయు దేశములు కలవని విన్నప్పుడు మాత్రము ముక్కుమీద వ్రేలు వేసికొందుము. చలిదేశములలో చెఱువులు గడ్డకట్టినపుడు జోళ్లకు ఉక్కుపలకలు బిగించుకొని, ఆ గడ్డపై జాఱుచు, ఎనిమిది అంకెవంటి చుట్లను ఒకదానిపై నొకటి తప్పక పడునట్లు వేయుట క్రమముగా ఒక విద్యయైనది. ‘ఫిగర్ స్కేటింగు’ అను పేరు ఆ చిత్రములనుబట్టియే వచ్చినది. 1990 వఱకును ప్రపంచపు పోటీలలో స్కేటర్లు ఆ ముగ్గులు వేసి చూపవలసియుండెను. న్యాయనిర్ణేతలు మంచుపైకి వంగి, గీత వణకినదా, చుట్టు గుండ్రముగా వచ్చినదా యని పరీక్షించెడివారు.

ఇది మన కూచిపూడివారికి వింతగాదు. సింహనందిని యాడు నర్తకి రంగుపొడిపైని పాదములతో తాళము తప్పక అడుగులు వేయుచు, నృత్తము ముగియుసరికి సింహపు బొమ్మను దించి చూపును. తరంగమాడు నర్తకి ఇత్తడిపళ్లెరపు అంచుపై నిలిచి, ఆ పళ్లెరమును పాదములతోనే కదల్చుచు రంగమంతయు తిరుగును. ఆ పళ్లెరపు టంచును మనసులో నుంచుకొనినచో, నేనిపుడు చెప్పబోవు అమెరికాదేశపు కన్య యొక్క విద్య మనకు సుబోధమగును.

కృష్ణాతీరమున మనకు మంచుగడ్డయనగా కైకలూరునుండి చేపలపెట్టెలలో పోవు ఐసే. లేదా రోహిణీకార్తెలో బెజవాడ వీధులయందు సోడాబండివాడు గోనెపట్టలో చుట్టి తెచ్చు ఐసే. అది చేతిలో నుంచుకొనిన నిమిషమున కరగును. అట్టివారమైన మనకు మంచుపైని నాట్యమాడు పిల్ల ఊసు ఏల యని సోదరీమణులు అడుగవచ్చును. అందులకు కారణము మా వీధిలోనే కలదు.

మా పొరుగున ఒక పిల్ల యున్నది. ఎనిమిదవయేటనుండి అది ప్రతిసాయంకాలమును చక్రముల జోళ్లు తొడిగికొని, సిమెంటుచేసిన ఆటస్థలమునకు పోయి జాఱుచుండెడిది. మొదట పడినది, మోకాళ్లు గీచుకొనినది, పిమ్మట నిలిచినది, ఆ పిమ్మట ఒంటికాలిపై వెనుకకు తిరుగుట నేర్చినది. పదుమూడవయేడు ప్రవేశించి, పిల్ల పెద్దదైనది. ఆ మఱునాడే జోళ్లు అటకెక్కినవి. ఇదేమని నేనడుగగా, ఆ తల్లి, “కాలు విరిగితే దీన్ని ఎవరు చేసుకుంటారండీ వదినగారూ?” అనినది.

నాకు వెంటనే సమాధానము తోచలేదు. బృహన్నల విరాటుని కూతునకు నాట్యము నేర్పిన కథ చెప్పబోయి మానితిని. ఉత్తర కాలు విఱుగునేమోయని సుదేష్ణ అడిగినట్లు తిక్కనగారు వ్రాయలేదు గాని, సుదేష్ణకు కట్నముల బెంగయు లేదు గదా! కొన్ని దినములకు ఆ పిల్లయే మాయింటికి వచ్చి, “అత్తయ్యగారూ, ఇది చూడండి” అని ఫోనులో ఒక నాట్యమును చూపినది. తెల్లని మంచురంగము, ఎఱ్ఱగను నీలముగను మెఱయు లంగాయు నగలును ధరించిన యొక నల్లజుట్టు పిల్ల, ఆమెచేయి పట్టుకొనిన పసిడిజుట్టు కుఱ్ఱవాడు, వెనుక హిందీపాట! ఆమె మెడ కదలించిన తీరును, చేతులు త్రిప్పిన తీరును చూచి మనదేశపు పిల్లయేమో యనుకొంటిని. కాదు. ఆమెయే మెరిల్ డేవిస్. ఆనాటినుండి ఆమె చరిత్రము దొరకినంతవఱకు చదివితిని.

ముందుగా ఆ నాట్యము ఎట్టిదో తెలిసికొనవలెను. మంచుపైని ఇరువురు కలిసి యాడు పోటీలు రెండు విధములు. ఒకదానియందు పురుషుడు స్త్రీని తలపైకెత్తును, గాలిలోనికి విసరును. ఆమె తిరిగి ఒంటికాలిపై దిగవలెను. అది జంటస్కేటింగు. రెండవది ఐస్‌డాన్సు. దీనియందు విసరుటలు లేవు, గగనమునకెగురు గంతులు లేవు, ఎత్తుటకును హద్దులున్నవి. ఇరువురును దగ్గఱదగ్గఱగా, ఒకే లయలో, ఒకే వంపుతో పోవలెను. కనుక చూచువారికి ఇది సులభమని తోచును. నిజమునకు దాచుకొనుటకు చోటులేని విద్య యిది. ఆ ఉక్కుపలక మందము సుమారు 4 మిల్లీమీటర్లు మాత్రమే. దాని అడుగున నడుమ గాడి తీసియుండుటచే అటునొకటి యిటునొకటి రెండంచులు ఏర్పడును. నర్తకి రెండంచులమీదను చదునుగా నిలుచుట తప్పు. లోపలి యంచుననో వెలుపలి యంచుననో ఒరిగి వంపుగా పోవలెను. 60 మీటర్ల పొడవును 30 మీటర్ల వెడల్పును గల రంగమున వేగముగా పోవుచు, ఆ అంచును మాటిమాటికి మార్చుచు, ప్రక్కవానిని తాకక, అతనికి దూరముకాక, ముఖమున శ్రమ కనబడనీయక ఆడవలెను. ఇందు ‘ట్విజిల్’ అను నొక తిరుగుడు కలదు: ఒంటికాలిపై బొంగరమువలె తిరుగుచునే ముందుకు సాగుట. ఇరువురును ప్రక్కప్రక్కన దానిని చేయునపుడు ఒకరు అరచుట్టు వెనుకబడినను ఆబాలగోపాలమునకును తెలియును.

ఈ యాట 1952లో ప్రపంచపు పోటీలలోనికిని, 1976లో ఒలింపిక్సులోనికిని వచ్చినది. లోకమున దీనికి గొప్ప పేరు తెచ్చినవారు ఇంగ్లండునందలి నాటింగ్‌హామ్ నగరవాసులు జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్. ఆమె భీమాకంపెనీలో గుమాస్తా, అతడు పోలీసుజవాను. 1984లో సరయెవో నగరమున ‘బొలేరో’ యను సంగీతమున కాడిరి. ఆ సంగీతమును ఎంత కుదించినను నియమము ఒప్పుకొనిన 4 నిమిషముల 10 సెకన్లకు మించి 18 సెకన్లు మిగిలినది. జోటియొక్క ఉక్కంచు మంచును తాకినప్పటినుండియే కాలము లెక్క. కనుక వారు మొదట మోకాళ్లపై కూర్చుండి, జోళ్లు నేలకు తగులనీయక ఆ కొన్ని క్షణములును చేతులతోను నడుముతోను మాత్రమే ఆడిరి! కళకు ఇచ్చు మార్కులలో తొమ్మండుగురు న్యాయనిర్ణేతలును నిండు ఆఱేసి యిచ్చిరి. నియమమును మీఱక నియమమును దాటుట యనిన నిదియే. మన ఆడవారికిది క్రొత్తగాదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక మన కథానాయిక. మెరిల్ 1987 జనవరి 1వ తేదీన అమెరికాయందలి మిచిగన్ రాష్ట్రమున పుట్టినది. అచ్చట శీతకాలమున చెఱువులు గట్టిపడును. ఇంటికి దగ్గఱనున్న చెఱువుపై అయిదవయేట జాఱుట మొదలుపెట్టినది. బడిలో ఆమెకు కష్టకాలము. అక్షరములను పోల్చుకొని చదువుట ఆమెకు మిక్కిలి దుస్సాధ్యముగా నుండెను. ఆ లోపమును డిస్లెక్సియా యందురు. తెలివి తక్కువయై కాదు, కన్ను చూచిన అక్షరమును మెదడు గుఱుతించు త్రోవలో వచ్చు చిక్కు అది. ఉన్నతపాఠశాలకు వచ్చినవఱకును ఆమెకు ధారాళముగా చదువుట అలవడలేదు. బడిపంతులు ఇంట కాపురము చేయుదానను గనుక ఇట్టి పిల్లలను నేనును ఎఱుగుదును. వారిని మొద్దులనియు సోమరులనియు మనము పిలుచుచుందుము. ఆ పిల్ల మాత్రము పుస్తకమునొద్ద తడబడిన కొలది మంచుపైని నిలుకడ తెచ్చుకొనుచుండెను. తరువాత మిచిగన్ విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము చదివినది కూడను.

1997లో, ఆమె పదియేండ్ల పిల్లగా నున్నపుడు, శిక్షకుడు ఆమెకు చార్లీ వైట్ అను బాలుని జతచేసెను. అతడును ఆ పరిసరములవాడే, ఆ యేటనే పుట్టినవాడే. అల్లరివాడు, మంచుపైని కఱ్ఱలతో ఆడు హాకీయు అతనికి ప్రీతి. మెరిల్‌కు సిగ్గు మెండు. నాట్యమున జతగాని కన్నులలోనికి చూడవలెను గదా. ఆమె నేలచూపులు విడువదాయెను. ఎంత చెప్పినను వినకపోగా, శిక్షకుడు ఆ బాలుని నొసట నవ్వుముఖముగల కాగితపు బొమ్మ నొకదానిని అతికించి, “దానిని చూడు” మనెనట. మన పెండ్లికూతుండ్రకు బాసికముచాటున చూపులు నేర్పిన ముత్తైదువలు ఈ యుపాయమును విని నవ్వుదురు. ఆ కాగితపు బొట్టును చూచుచు చూచుచు ఆ పిల్ల తలయెత్తుట నేర్చినది.

ఇచ్చట సోదరీమణులందఱును అడుగు ప్రశ్న యొకటి కలదు. మా పొరుగామెయు మొట్టమొదట అదియే అడిగినది. పదియేండ్లనాట జతచేరి, పదునేడేండ్లు చేయిచేయి పట్టుకొని ఆడిన వీరు దంపతులైరా? కాలేదు. చార్లీ 2015లో టానిత్ బెల్బిన్ అను మఱియొక హిమనర్తకిని పెండ్లాడెను. మెరిల్ 2019లో, తన గురువు మరీనా జుయెవాగారి కుమారుడగు ఫెడోర్ ఆంద్రేయెవ్‌ను చేపట్టినది. రంగముపై ప్రేమికులవలె ఆడిన వీరు బయట తోబుట్టువులవలె నుండిరి. ఇది మనకు నమ్మశక్యముగాకపోవుటకు కారణము వారియందు లేదు. వేదాంతము సత్యనారాయణశర్మగారు సత్యభామయై జడ చేతబట్టి నిలిచినపుడు ఆయన పురుషుడని తెలిసియు సభ మఱచిపోయెను గదా. అభినయము అభినయమే యని మన కూచిపూడి మనకు ఎన్నడో నేర్పినది. ఆడపిల్లల విషయమున మాత్రమే ఆ పాఠము మఱచుచుందుము.

జతగాడు దొరకుట ఆ విద్యలో ఎంతటి భాగ్యమో చెప్పెదను. మంచుపైకి వచ్చు ఆడపిల్లలు పెక్కుమంది, మగపిల్లలు కొందఱే. ఎంతటి నేర్పుగల పిల్లయైనను జతగాడు లేక ఆట మానవలసివచ్చును. ఉన్నవాడు విసిగి పోయిన, ఆమె పడిన పాటు వ్యర్థమగును. ఈ కొఱతనుబట్టియే కెనడాదేశపు సంఘమువారు 2022లో తమ దేశపు పోటీలలో జతయనగా ఎవరైనను ఇరువురు స్కేటర్లని నిర్ణయించిరి. ఇద్దఱు ఆడపిల్లలును జతకూడవచ్చును. మన కూచిపూడిలో తరతరములు ఆడవారికి చోటులేక మగవారే స్త్రీవేషములు కట్టిరి. అచ్చట మగవారు చాలక ఆడవారే రెండు పాత్రలును వహింపవలసివచ్చుచున్నది. విధివిలాసమనిన నిట్టిదే!

మెరిల్, చార్లీలు కాంటన్ అను ఊరిలోని మంచురంగమున శిక్షణ పొందిరి. వారి గురువులు రష్యాదేశీయులగు మరీనా జుయెవా, ఇగోర్ ష్పిల్‌బాండ్. ఆ గురువులయొద్దనే, ఆ రంగముపైననే, ఆ వేళలయందే మఱియొక జతయు నేర్చుచుండెను. వారు కెనడావారు, టెసా వర్ట్యూ, స్కాట్ మాయిర్. వీరును 1997లోనే, ఆమె యేడేండ్లదిగా నున్నపుడు జతగూడిరి. లోకమున వీరికి వారును, వారికి వీరునే సాటి. ఒకే యింట ఇద్దఱు కోడండ్రను పెట్టి, ఎవరి ముగ్గు బాగున్నదో యేటేట పందెము వేసినట్లున్నది గదా! ప్రతియుదయమును ఎదిరి యెంత యెదిగినదో కన్నులార చూచుచు సాధన చేయవలెను. అందు అసూయకెంత తావుండునో, అంత మేలును కలదు. ఏలన సోమరితనమునకు తావులేదు.

కాలు విఱుగునన్న మాట అబద్ధమని నేను చెప్పను. టెసా వర్ట్యూ కథయే అందులకు సాక్షి. ఆమె మోకాలి క్రింది కండరములు శ్రమచే ఉబ్బి, వానిని కప్పియుండు పొరలో ఇముడక, భరింపరాని నొప్పి కలిగించుచుండెను. 2008 అక్టోబరులో రెండుకాళ్లకును శస్త్రచికిత్స చేసిరి. ఆమె లేచునంతవఱకు స్కాట్ ఇసుకసంచులను, హాకీకఱ్ఱలను ఆమెకు మాఱుగా పట్టుకొని సాధన చేసెనట! ఆ దినములలో ఇరువురికిని మాటలు తగ్గి, మనసులు కొంత యెడమైనవని తరువాత వారే చెప్పుకొనిరి. నొప్పి తీఱకయే ఆమె 2010లో వాంకూవర్ ఒలింపిక్సున స్వర్ణపతకము గెలిచినది. ఆ యేటనే అక్టోబరులో మఱల కత్తిక్రింద పండుకొనినది. ఇది చదివి, చూచితివా యని మా పొరుగామె వంటివారు అనవచ్చును. అనుటయు న్యాయమే. ఐనను ఆమె 2014లో రజతమును, 2018లో మఱల స్వర్ణమును తెచ్చుకొనినదని కూడ చెప్పవలెను గదా. ఏది చెప్పి యేది దాచుదుము?

ఇపుడు ఆ హిందీపాట ముచ్చట. 2010 వఱకును ఐస్‌డాన్సు పోటీకి మూడు భాగములుండెడివి. నడిమి భాగమునకు ప్రతియేటను ఒక విషయమును సంఘమువారు నిర్ణయించెడివారు. ఆ యేడు వచ్చిన విషయము జానపదనృత్యము. ఎవరి కిష్టమైన దేశపు నృత్యమును వారు ఎన్నుకొనవచ్చును. మెరిల్, చార్లీలు మనదేశమును ఎన్నుకొనిరి. సంగీతము ‘దేవదాస్’, ‘బంటీ ఔర్ బబ్లీ’ మొదలగు హిందీచిత్రములనుండి కూర్చినది. (ఆ దేవదాస్ 2002నాటి హిందీచిత్రము, మన అక్కినేనివారిది కాదు.) అది జానపదమా, సినిమాయా యని పట్టింపుగలవారు అడుగవచ్చును, నేనును అడిగితిని. అచ్చమైన జానపదము కాదు. ఐనను వారు ఇంటర్నెట్టున చూచి వేషము కట్టుకొని వచ్చినవారు కారు. ఆన్ ఆర్బర్ నగరమున మన నృత్యములు నేర్పు భారతీయవనిత యొకామెయొద్దకు పోయి, చేయి యేల అట్లు తిరుగవలెను, చూపు చేతిని ఏల అనుసరింపవలెను, మెడ యెచ్చట కదలవలెను అని నేర్చుకొనిరి. ‘యతో హస్తస్తతో దృష్టిః’ యని మన శాస్త్రము చెప్పునది ఆమె మంచుపైని చేసినది. మన నర్తకి నేలను కొట్టి తాళము చూపును. మంచుపైని పాదము కొట్టుటకు వీలుగాదు, జాఱును. కనుక కాలితో చెప్పవలసిన తాళమును భుజములతోను మణికట్టుతోను చెప్పవలసివచ్చెను. నాకు ఆ నాట్యమున మిక్కిలి నచ్చినది ఆ మాఱుపాటే.

అదే పోటీలో రష్యాదేశపు జత, ఒక్సానా డొమ్నీనా, మాక్సిం షబాలిన్, ఆస్ట్రేలియాదేశపు ఆదివాసుల నృత్యమని యొకటి ఆడిరి. ఒడలికి ముదురురంగు వస్త్రములు, ముఖములపై తెల్లని గీతలు. ఆ ఆదివాసుల పెద్దలు, ఇది మా నృత్యము కాదు, మమ్ము వెక్కిరించుటయే యని నొచ్చుకొనిరి. పిమ్మట ఆ జత వేషమును కొంత తగ్గించుకొనిరి. మనవారు మాత్రము అమెరికా పిల్లల నాట్యమును చూచి మురిసిపోయిరి. ఆ దృశ్యము మనదేశమున ఇంటింట చేతులు మాఱినది. పరాయివారి విద్యను ఎత్తుకొనుటకును, అడిగి నేర్చుకొనుటకును గల యంతరము ఈ రెండు నాట్యములను ప్రక్కప్రక్కన చూచినవారికి ఒకరు చెప్పనక్కఱలేదు. వాంకూవర్‌లో మెరిల్ జతకు రజతము, రష్యాజతకు కాంస్యము వచ్చినవి.

రజతమనగా రెండవస్థానము. గెలిచినది తన ఎదుటనే సాధన చేయు టెసా. మఱునాటినుండి మఱల ఆ రంగమే, ఆ గురువులే, ఆ ముఖములే! మెరిల్‌కు అపుడు ఇరువదిమూడేండ్లు. అచ్చటితో చాలించినను ఎవరును తప్పుపట్టరు. ఆమె చాలింపలేదు. 2011లో ప్రపంచపు పోటీలు టోక్యోలో జరుగవలసియుండగా, మార్చి 11వ తేదీన జపానున భూకంపమును సముద్రపుటుప్పెనయు వచ్చి అంతయు తాఱుమాఱయ్యెను. ఉప్పెనయనిన ఏమో దివిసీమవారిని అడుగవలెను. 1977 నవంబరు మనమింకను మఱవలేదు. పోటీలను మాస్కోకు మార్చిరి. అచ్చట మెరిల్, చార్లీలు టెసా జతను ఓడించి ప్రథమస్థానము పొందిరి. ఐస్‌డాన్సున ప్రపంచవిజేతలైన మొదటి అమెరికావారు వీరే. 2012లో టెసా గెలిచినది. 2013లో పోటీలు కెనడాలోని లండన్ నగరమున, అనగా టెసా స్వగ్రామమున జరిగినవి. ఆ జనుల నడుమ మెరిల్ గెలిచినది! తమ దేశపు పోటీలలో 2009 మొదలు 2014 వఱకు వరుసగా ఆఱేండ్లు వీరిదే ప్రథమస్థానము.

2014 ఫిబ్రవరి 17వ తేదీన రష్యాలోని సోచీ నగరమున ఒలింపిక్సు నాట్యము. వీరు ఎన్నుకొనినది రిమ్‌స్కీ-కోర్సకోవ్ సంగీతము ‘షెహరజాద్’. వేయిన్నొక్క రాత్రులు కథలు చెప్పి, ప్రాణము నిలుపుకొని, క్రూరుడగు రాజును మార్చిన యాడుదాని కథ అది. మన బాలలును ఎఱిగినదే. మాటలు లేవు. నాలుగు నిమిషములలో ఆ వెఱపును, ఆ యుక్తిని, తుదకు రాజు కరుగుటయు కనబడవలెను. నొసటి కాగితపుబొమ్మను చూడలేక తలవంచిన పిల్ల ఆనాడు రాజు కన్నులలోనికి సూటిగా చూచినది. 195.52 మార్కులతో స్వర్ణపతకము వచ్చినది. టెసా జతకు 190.99. అమెరికాదేశమునకు ఐస్‌డాన్సున వచ్చిన మొదటి ఒలింపిక్ స్వర్ణము అది. మెరిల్‌కు ఇరువదియేడేండ్లు నిండి ఒకటిన్నర నెల. పదియేండ్లనాట పట్టిన చేయి విడువలేదు.

ఆ వసంతమున టెలివిజనులో జరుగు నాట్యపు పోటీ యొకదానిలో, నేలపైని, వేఱొక జతగానితో ఆడి అందును గెలిచినది. మంచుపైని పోటీలకు మాత్రము మఱల రాలేదు. ఇక రామని 2017లో ఇరువురును ప్రకటించిరి. ఇరువదియేడేండ్లకు విద్య ముగియుట మనకు వింతగా తోచును. మన నాట్యమున ఏబదియేండ్ల వనిత సత్యభామ కట్టిన మఱింత శోభించును. మంచుపైని కాలమునకు దయ తక్కువ.

ఇక మన సంగతి. మంచు సిమ్లాలో కలదు. అచ్చట 1920 నుండి శీతకాలమున స్కేటింగు జరుగుచున్నది. డెహరాడూన్‌లో 2011నాటి దక్షిణాసియా శీతకాలక్రీడలకై మంచురంగమును కట్టిరి. కృష్ణాతీరమున మనకు చక్రములే గతి. ఐనను చక్రములపైని విద్య తక్కువదని తలపవలదు. తిరుగుడులు, వంపులు, అంచులు, జతనాట్యము, అన్నియు అందును కలవు. హైదరాబాదువాడగు మన తెలుగుబిడ్డ యామా అనూప్‌కుమార్, 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియాక్రీడలలో చక్రములపైని ఒంటిగా ఆడి ఒక కాంస్యమును, గుజరాతు కన్య అవనీ పంచాల్‌తో జతగా ఆడి మఱియొక కాంస్యమును తెచ్చెను. 2015లో భారతప్రభుత్వము వారు అతనికి అర్జున పురస్కార మిచ్చిరి. అంతేగాక చక్రములపైని ‘సోలో డాన్సు’ అను నొక పోటీ కలదు. అందు జతగానితో పనిలేదు. ఈ యొక్క మాట మా పొరుగామె చెవిని పడుట మంచిదని నేను ప్రత్యేకముగా చెప్పితిని.

ఆడపిల్ల రంగమెక్కరాదనుట మన కూచిపూడి అగ్రహారమునకును ఒకప్పుడు కట్టుబాటే. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున అకాడెమీ పెట్టి ఆడపిల్లలకు నేర్పిరి. నేడు మొవ్వ చుట్టుప్రక్కల ఏ సభకు పోయినను కాలి గజ్జెలలో పదింట తొమ్మిది ఆడపిల్లలవే. ఆ తల్లుల కాళ్లు విఱిగినవని ఎవరును చెప్పుకొనలేదు, పెండ్లిండ్లు ఆగినవనియు వినలేదు.

ఈ కథనంతయు నేను ఒక్కనాడు చెప్పలేదు. నాలుగైదు మధ్యాహ్నములు, చింతపండు గింజలు తీయుచు, వడియములు పెట్టుచు చెప్పితిని. మా పొరుగామె పతకముల లెక్క అంతగా వినలేదు. ఇసుకసంచులను పట్టుకొని ఆడిన కుఱ్ఱవాని ముచ్చటకు నవ్వినది. పిల్లకు చదువు రాకపోయెనన్నపుడు మాత్రము తలయెత్తి చూచినది. అంతయు ముగిసిన పిమ్మట, “రోజూ పొద్దున్నే ఆ పిల్లని అంత దూరం దిగబెట్టి, తల్లి వంటెప్పుడు చేసుకునేదండీ?” అని యడిగినది. నాకు తెలియదంటిని. తెలియదు కూడను, నేను చదివినవారెవరును దానిని వ్రాయలేదు.

మొన్నటి శుక్రవారమున ఆమె నిచ్చెన వేసికొని అటకెక్కి, పాతగుడ్డలో చుట్టియుంచిన జోళ్లను దించినది. ఏడాది గడచినది గదా, వానిలో పిల్ల కాలు పట్టలేదు. మడమ బయటనే నిలిచినది. పిల్ల ఏమియు అనక వానిని తుడుచుచు కూర్చున్నది. సాయంకాలము గోడమీదుగా నన్ను పిలిచి, బీసెంటురోడ్డున పెద్దకొలత జోళ్లు దొరకునా, ఎంత యగునని ఆ తల్లి అడిగినది. వాండ్ర నాన్నతో ఇంకను చెప్పలేదట.